సాదా గోడకు సున్నపు గార: ఒక్క గోడతో మొదలుపెట్టండి

సాయంత్రం నాలుగు దాటాక కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతున్నప్పుడు ఒకసారి మీ హాలు గోడ చూడండి. పుట్టీ పెట్టి ఎమల్షన్ వేసిన గోడైతే ఆ ఎండలో అట్టముక్కలా బల్లపరుపుగా ఉంటుంది. సున్నపు గార చేసిన పాత మండువా ఇంటి గోడ అలా ఉండదు. మేస్త్రీ చెయ్యి తిరిగిన చోటల్లా సన్నటి నీడ, ఇసుక రేణువు పైకి తేలిన చోట చిన్న మెరుపు, తాకితే చల్లదనం. అలాంటి గోడను మన సిమెంటు ఇళ్లలోకి మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇల్లంతా అక్కర్లేదు, ఒక్క గోడ చాలు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గోడను లెక్కలోకి తీసుకుని పని మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. మా ఇంట్లో ఒక పెద్ద మేస్త్రీ గారి పక్కన నిలబడి, ఆయనతో పాటు తాపీ పట్టి నేర్చుకున్న పని ఇది.

రోలరుతో వేసే టెక్స్చర్ పెయింట్లు షాపుల్లో దొరుకుతాయి. రెండు రోజుల్లో పని అయిపోతుంది. తొందర ఉన్నవాళ్లకు అదే నయం. కానీ అది గోడ మీద అతికించిన ప్లాస్టిక్ పొర. సున్నం కథ వేరు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి రాళ్ల సున్నం మిగులుతుంది. దానికి నీళ్లు తగిలితే ఉడికి తడి సున్నం అవుతుంది. ఆ తడి సున్నాన్ని గోడకు పూశాక, గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. అంటే మీరు గోడ మీద ఒక పల్చటి రాతిపొరను పెంచుతున్నారన్నమాట. 1591లో కట్టిన చార్మినార్ నిలబడింది ఈ సున్నంతోనే. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులను బాగుచేసినప్పుడు కూడా, ఇరవయ్యో శతాబ్దంలో అక్కడక్కడా పూసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నపు గారే చేశారు.

చేతులు పనిచేసేది ఐదారు రోజులే. సున్నం నానబెట్టే కాలం కాక, మధ్యలో ఆగాల్సిన రోజులతో కలిపి నెల పడుతుంది. దీపావళి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండల్లో గార తొందరగా ఆరి పగుళ్లిస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో అసలు గట్టిపడదు.

గోడను ఎంచుకోవడం

పక్కనుంచి వెలుతురు పడే గోడ అయితే పనితనం కనిపిస్తుంది. పొయ్యి వెనక గోడ వద్దు, నూనె మరకలు పోవు. పిల్లలు బంతి కొట్టే గోడ కూడా వద్దు. అడుగున పెయింటు పొక్కి, తెల్లటి ఉప్పు పొడి రాలుతున్న గోడైతే ముందు ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపండి. బాత్రూం పైపు కారుతుంటే ఏ గారా దాన్ని దాచలేదు.

ఇప్పుడు చెంబుడు నీళ్లు తెచ్చి గోడ మీద చిలకరించండి. నీళ్లు చుక్కలు చుక్కలుగా జారిపోతే ఆ గోడకు దాహం లేదని అర్థం. సున్నం అలాంటి గోడను పట్టుకోదు. పెయింటు, దాని కింది పుట్టీ రెండూ గీకి, కింద బూడిదరంగు సిమెంటు ప్లాస్టరు బయటపడేదాకా వెళ్లాలి. మళ్లీ నీళ్లు చల్లితే నల్లటి మచ్చలా లోపలికి ఇంకిపోవాలి. అప్పుడే ఆ గోడ సిద్ధమైనట్టు.

ఈ గీకుడు పని విసుగ్గా ఉంటుంది. అయినా దీన్నే అన్నిటికంటే శ్రద్ధగా చేయాలి. మా ఇంట్లో స్విచ్‌బోర్డు చుట్టూ జానెడు మేర పుట్టీ వదిలేశాం, అక్కడ గీకితే బోర్డు పాడవుతుందని. రెండు నెలలు తిరక్కముందే సరిగ్గా ఆ జానెడు మేరే గార డొల్లబోయింది. వేలి కణుపుతో తడితే మిగతా గోడంతా గట్టిగా పలికింది, అక్కడ మాత్రం ఖాళీ డబ్బాలా మోగింది. చెక్కి మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఒక జాగ్రత్త. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ గోడ పెయింటు అంతకంటే పాతదైతే పొడిగా గ్రైండరు పెట్టి దుమ్ము లేపకండి. తడిపి, స్క్రేపరుతో గీకండి. మాస్కు పెట్టుకోండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గది వైపు రానివ్వకండి.

గీకడం అయ్యాక చిన్న సుత్తి, ఉలితో గోడంతా గాట్లు పెట్టాలి. రెండు మూడు అంగుళాలకు ఒకటి, బియ్యపుగింజ పడుకునేంత లోతు చాలు. గార ఈ గాట్లలోకి దిగి గోడను పట్టుకుంటుంది. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైన, కింద వైర్ల పైపులు ఉంటాయి కాబట్టి ఆ వరసలో ఉలి బదులు వైరు బ్రష్‌తో గరుకు చేయండి. బోర్డులు విప్పే ముందు మెయిన్ ఆపేయాలి. గార వల్ల గోడ సుమారు అర అంగుళం మందం పెరుగుతుంది. బోర్డులు మళ్లీ బిగించడానికి పొడుగు స్క్రూలు ముందే తెచ్చుకోండి.

సున్నం నానబెట్టడం

అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఇదే. వీలైతే గోడ గీకడానికి నెల ముందే సున్నం నీళ్లలో పడాలి.

పల్నాడులో పిడుగురాళ్లకు లైమ్ సిటీ అనే పేరే ఉంది. అక్కడి సున్నపు బట్టీల నుంచి సున్నం దూరదూరాలకు వెళుతుంది. బట్టీ నుంచి వచ్చే రాళ్ల సున్నం కొంటే అది నీళ్లలో పడగానే సలసల మరిగి పైకి చిమ్ముతుంది. పాతకాలం మేస్త్రీలకు అది అలవాటు, మనకు కాదు. మొదటిసారి చేసేవాళ్లు సంచుల్లో దొరికే హైడ్రేటెడ్ లైమ్ పొడి వాడండి. అది అప్పటికే ఉడికిన సున్నం. ఈ గోడకు 25 కిలోల సంచులు రెండు సరిపోతాయి. ఒకటి గారకు, రెండోది పై పొరకు, పూతకు. మూతి విప్పి చాలాకాలం పడి ఉన్న సంచి వద్దు. గాలి తగిలి అది సంచిలోనే రాయిగా మారడం మొదలై ఉంటుంది.

డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నాన్ని కొద్దికొద్దిగా నీళ్లలోకి వదలండి. సున్నం మీద నీళ్లు పోయకండి. బాగా కలిపి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా చూసి మూత పెట్టండి. వారం కనీసం, నెల అయితే మేలు. ఎన్నాళ్లు నానితే అంత నునుపు. నెల నానిన సున్నం చెయ్యి పెడితే గడ్డపెరుగులా తెగుతుంది, వేళ్ల మధ్య వెన్నలా జారుతుంది.

తాంబూలంలో రాసుకునే సున్నం కూడా ఇదే పదార్థం. అలాగని దీన్ని చులకనగా చూడకండి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండా డ్రమ్ము మూత కూడా తీయొద్దు. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో ఇరవై నిమిషాల పాటు కడుగుతూ ఉండి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇసుక, ఇటుక పొడి, కరక్కాయ

ఏటి ఇసుక మంచిది. గాజు గ్లాసులో సగం ఇసుక, సగం నీళ్లు పోసి కుదిపి గంట ఉంచండి. పైన మట్టి మందంగా పేరితే ఆ ఇసుకను కడిగి వాడాలి. సముద్రపు ఇసుక ఎంత తెల్లగా ముచ్చటగా ఉన్నా వద్దు, అందులోని ఉప్పు గోడను తినేస్తుంది.

రెండోది ఇటుక పొడి. దీన్నే సుర్కీ అంటారు. మరీ నల్లగా మాడిన ఇటుక పనికిరాదు. కాస్త తక్కువ కాలిన మెత్తటి ఇటుకను దంచి, పిండి జల్లెడతో పట్టండి. సున్నం ఒక్కటే అయితే గాలి తగిలిన మేరకే గట్టిపడుతుంది. మెత్తటి ఇటుక పొడి కలిస్తే రెండూ కలిసి లోపలి నుంచే బిగుసుకుంటాయి.

ఇక కరక్కాయ, బెల్లం నీళ్లు. గింజ తీసి దంచిన కరక్కాయలు, బెల్లం నీళ్లలో వేసి వారం పది రోజులు పులియబెట్టి, వడకట్టి ఆ నీళ్లతో గార కలిపేవారు. గారకు జిగురు, సాగే గుణం వస్తాయి. మేం 20 లీటర్ల నీళ్లకు అరకిలో కరక్కాయ, అరకిలో బెల్లం వేశాం. తాపీ కింద గార జారే తీరులో తేడా చేతికి తెలిసింది. బెల్లం ఎక్కువైతే మాత్రం గార ఆలస్యంగా గట్టిపడుతుంది, చీమలు కూడా పడతాయి. లోపలి గోడకు ఇది లేకపోయినా పని ఆగదు.

కొలత ఇది: నానిన సున్నం ఒక వంతు, ఇటుక పొడి ఒక వంతు, ఇసుక రెండు వంతులు. మన గోడకు 15 లీటర్ల బకెట్‌తో సున్నం రెండున్నర, ఇటుక పొడి రెండున్నర, ఇసుక ఐదు బకెట్లు. ముందురోజే సున్నం, ఇసుక కలిపి తడి గోనె కప్పి ఉంచండి. ఇటుక పొడి మాత్రం పని చేసే పొద్దున కలపండి, ఆ సాయంత్రానికల్లా వాడేయండి.

కలపడం అంటే పారతో తిరగేయడం కాదు. ఎద్దుల గానుగలో గంటల తరబడి తిప్పి చేసేవారు కాబట్టే దానికి గానుగ సున్నమని పేరు. ఇంట్లో అయితే పట్టా పరిచి రోకలితో దంచండి. మొదట పొడిపొడిగా కనిపిస్తుంది, నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. దంచుతూ ఉంటే సున్నంలోని నీరే బయటికొచ్చి ముద్ద మెత్తబడుతుంది. తాపీ మీద ముద్ద పెట్టి బోర్లించినా పడకుండా నిలిస్తే కుదిరినట్టు. మొదటి పొరకు వేసే ముద్దలో, అంగుళం పొడవు ముక్కలుగా కత్తిరించిన జనపనార బకెట్‌కు గుప్పెడు చల్లండి. పగుళ్లు రానివ్వదు.

ఇక్కడ ఒక మాట ఎదురవుతుంది. మాతో పనిచేసిన కుర్ర మేస్త్రీ అన్నాడు, "కాస్త సిమెంటు వేస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది కదమ్మా" అని. పెద్దాయన ఒప్పుకోలేదు. సిమెంటు కలిస్తే తొందరగా బిగుస్తుంది నిజమే. కానీ చేత్తో తీర్చిదిద్దడానికి దొరికే ఆ నిదానమైన గంటలు పోతాయి, గోడ తేమను వదిలే గుణమూ తగ్గిపోతుంది. గుప్పెడైనా కలపనివ్వకండి.

మూడు పొరలు

ముందురోజు సాయంత్రం, పని చేసే పొద్దున గోడను బాగా తడపండి. గోడ తడిగా ఉండాలి, మీద నీళ్లు మాత్రం మెరవకూడదు. మొదటి పొర పావు అంగుళం మందం. తాపీతో గోడకేసి గట్టిగా అదమండి, గాట్లలోకి దిగాలి. కొంచెం బిగిశాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి, పై పొర వాటిని పట్టుకుంటుంది. వారం రోజులు ఆగండి. రోజుకు రెండు మూడుసార్లు మొక్కలకు కొట్టే స్ప్రేయరుతో నీళ్లు చిమ్మాలి. ఫ్యాన్ వేయొద్దు, ఎండ నేరుగా పడితే కిటికీకి తడి దుప్పటి కట్టండి.

రెండో పొర కాస్త పల్చగా, అదే ముద్దతో, నార లేకుండా. బద్ద పెట్టి ఎత్తుపల్లాలు సరిచేయండి గానీ మరీ అద్దంలా చేయాలని తాపత్రయపడొద్దు. చిన్న చిన్న ఒంపులే ఈ గోడకు అందం. మళ్లీ నాలుగైదు రోజులు తడుపుతూ ఆగాలి.

మూడోది రెండు మిల్లీమీటర్ల పొర. సన్నటి జల్లెడ పట్టిన ఇసుక ఒక వంతు, సున్నం ఒక వంతు. ఇటుక పొడి అక్కర్లేదు. రంగు కావాలంటే ఈ పొరలోనే కలపాలి.

రంగు విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనందరికీ తెలుసు. వంటింటి పసుపు గోడకు కూడా అదే చేస్తుంది, పైగా వెలుతురుకు వెలిసిపోతుంది. సున్నాన్ని తట్టుకునేవి మట్టి రంగులు, ఖనిజ రంగులే. ఎర్రటి జాజు, ఎర్ర ఆక్సైడు, పసుపు ఆక్సైడు, నల్ల ఆక్సైడు. సున్నం బరువులో నూటికి ఐదు వంతులు దాటించకండి. నీళ్లలో పేస్టులా కలిపి ఆ తర్వాత సున్నంలో వేయండి, లేకపోతే చారలు పడతాయి. ఆరాక రంగు బాగా తేలిపోతుంది. ఇటుక ముక్క మీద నమూనా పూసి మూడు రోజులాగి చూశాకే గోడ మీదికి వెళ్లండి. గోడకు సరిపడా ముద్ద మొత్తం ఒకేసారి కలిపి పెట్టుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు రాదు.

పదును

పొలం దున్నడానికి నేల పదును చూసినట్టే గోడ పదునూ చూడాలి. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది. మూడో పొర పూసిన వెంటనే చెయ్యి పెడితే గార తాపీతో పాటు ఊడివస్తుంది. మరీ ఆలస్యమైతే ఎంత రుద్దినా మాట వినదు. పదును మధ్యలో ఉంటుంది, చలికాలంలో గంట నుంచి మూడు గంటల లోపు. గడియారం చూస్తే తెలియదు, వేలితో చూడాలి. బొటనవేలితో నొక్కండి. గుంట పడకూడదు, వేలికి సున్నం అంటకూడదు, కానీ చల్లటి తడి తగలాలి. మెరుస్తున్న గోడ మెరుపు తగ్గి, తడి బట్టలా మసకబారుతుంది. అదీ సమయం. గోడంతా ఒకేసారి పదునుకు రాదు. కిటికీ దగ్గర ముందు, మూల వెనక. అందుకే వెలుతురున్న వైపు నుంచి మొదలుపెట్టి మూలకు వెళ్లండి.

ఇప్పుడు మీకు ఏ గోడ కావాలో దాన్నిబట్టి చెయ్యి కదపండి.

పల్లెటూరి ఇంటి గోడలా గరుకుగా కావాలంటే, తడిపిన చెక్క పలకను అరచేతి వెడల్పు వలయాలు చుడుతూ తేలిగ్గా తిప్పండి. పైన ఉన్న సున్నం పక్కకు జరిగి ఇసుక రేణువులు ఒక్కొక్కటే తేలతాయి, చెక్క కింద సన్నగా కరకరలాడే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగి చెక్క జారుతుంటే ఆ చోటికి అది చాలు.

మెత్తటి మబ్బు మచ్చల్లాంటి గోడ కావాలంటే గోనె గుడ్డను తడిపి గట్టిగా పిండి, ఉండ చుట్టి, అద్దుతూ పోండి. రుద్దొద్దు. కొబ్బరిపీచు కుంచెతో పైనుంచి కిందికి ఒకే ఊపులో లాగితే సన్నటి చారలు వస్తాయి. చార మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది కాబట్టి దీనికి ఇద్దరుండాలి, ఒకరు నిచ్చెన మీద, ఒకరు కింద.

నున్నటి మెరుపు కావాలంటే ఇసుక బదులు పాలరాతి పొడి కలిపి, పదునులో ఇనుప తాపీతో మూడు నాలుగు దఫాలు అదిమి, ఆ తర్వాత నున్నటి ఏటి గులకరాయితో చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. రాజస్థాన్‌లో ఆరాయిష్ అనేది, తమిళనాడులో చెట్టినాడు ఇళ్ల గోడలు ఈ దారిలోవే. చివర్లో సబ్బు నీళ్లు పల్చగా రాసి రుద్దితే సబ్బులోని కొవ్వు సున్నంతో కలిసి నీళ్లంటని పొర కడుతుంది. కుంకుడు రసంలో ఆ కొవ్వు లేదు, అది దీనికి పనికిరాదు. మొదటిసారే మెరుపు గోడ మొదలుపెట్టమని నేను చెప్పను. ఒక రోజంతా ఆగకుండా రుద్దే చేతులు నలుగురివి కావాలి. చెక్క పలక గోడతో మొదలుపెట్టండి. తప్పు జరిగినా అది గోడ తీరులో కలిసిపోతుంది.

ఆరాక

పది రోజుల పాటు రోజుకు రెండుసార్లు మంచులా నీళ్లు చిమ్మండి. ధారగా కొట్టొద్దు. సన్నటి వెంట్రుకవాసి పగుళ్లు వస్తే కంగారు పడక్కర్లేదు. పాలలా పల్చటి సున్నంతో కుంచె తడిపి ఆ గీతల మీద నడిపిస్తే పూడుకుపోతాయి. గోడంతా వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల పలికిన చోటును గీత గీసి, అంతమేర చెక్కి మళ్లీ చేయాలి.

రంగు కలపని గోడకు చివర్లో సున్నపు పూత వేయండి. నానిన సున్నాన్ని పాలంత పల్చగా కలిపి, పల్చటి బట్టలో వడకట్టి, లీటరుకు 4 గ్రాముల చొప్పున తుమ్మజిగురు వేడినీళ్లలో కరిగించి కలపండి. తడిపిన గోడకు కుంచెతో పల్చటి పూతలు మూడు, రోజుకొకటి. వేసినప్పుడు నీళ్లు రాసినట్టే ఉంటుంది, గోడ కనిపిస్తూనే ఉంటుంది. ఏమీ పట్టలేదనుకుని మందంగా వేస్తే పొట్టులా లేస్తుంది. పొద్దున్నే లేచి చూస్తే తెల్లబడి ఉంటుంది. చేత్తో రాస్తే తెల్లగా అంటుకుంటోందంటే తొందరగా ఆరిందన్నమాట, ఇంకో నాలుగు రోజులు నీళ్లు చిమ్మండి.

నెల దాటేవరకు సోఫా ఆనించొద్దు, మేకు కొట్టొద్దు. తర్వాత ఫొటో తగిలించాలంటే సుత్తి బదులు డ్రిల్లు వాడి, ప్లగ్గు గార దాటి పాత గోడలోకి దిగేలా చూడండి. దుమ్ము పొడిబట్టతో దులపాలి. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్, టాయిలెట్ యాసిడ్ లాంటి పులుపు ఏది తగిలినా సున్నం కరుగుతుంది, ఆ గోడ దగ్గరికి రానివ్వకండి.

మిగిలిన సున్నాన్ని పారేయొద్దు. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పైన రెండంగుళాల నీళ్లు నిలిపి, వాడిన రంగు, కొలత డబ్బా మీద రాసిపెట్టుకోండి. నీళ్లు తగ్గినప్పుడల్లా పోస్తూ ఉంటే ఏళ్ల తరబడి నిలవుంటుంది. ఎప్పుడైనా బీరువా జరుపుతుంటే గోడకు గీత పడినా, ఆ చోటు తడిపి, అదే సున్నం రెండు వేళ్లతో అద్ది, చెక్క ముక్కతో తిప్పితే సరిపోతుంది.